ఈకల వాలు

మొన్న శనివారం పొద్దున పదకొండు గంటల పది నిమిషాలకు, మణికొండలో మేముండే అపార్టుమెంటు క్లబ్ హౌసులో కిటికీ పక్కన కూర్చుని ఉండగా, నా చూపుడు వేలు ఒక పిట్ట రెక్క మీద తట్టుకుని ఆగింది. టైము ఇంత కచ్చితంగా ఎట్లా తెలుసంటే ఎదురు గోడకు గడియారం ఉంది. గడియారం చూడడం, అక్షరాలు కూడబలుక్కోవడం రెండూ నాకు నలభై రెండో ఏట, నా బిడ్డ సరోజ దగ్గర, ఒకే ఎండాకాలంలో వచ్చాయి. ఆలస్యంగా వచ్చిన విద్య కాబట్టి వాడకుండా ఊరుకోను.

ఆ పిట్ట దారం పిట్ట. మా పై అంతస్తులో కీర్తి అనే అమ్మాయి ఉంటుంది. కాకినాడ వైపు పిల్ల, కంప్యూటరు కంపెనీలో పని, శనివారం ఆదివారం సెలవు. ఫోన్లో నొక్కి ఒక ఎంబ్రాయిడరీ డబ్బా తెప్పించుకుంది. దాంట్లో గుండ్రటి చెక్క రింగు, రింగుకు బిగించే తెల్ల గుడ్డ, రంగురంగుల దారాలు, గుడ్డ మీద ముందే అచ్చు వేసిన బొమ్మ. మధ్యలో ఒక పిట్ట, కింద ఒక నక్క, పక్కన పొట్టి జింక, చుట్టూ గులాబీలు, ఇంకా మన దగ్గర పూయని పూలేవో ఉన్నాయి. కొత్త గుడ్డ గంజి వాసన ముక్కుకు తగిలి, పిలవకపోయినా పోయి ఆమె పక్కన కూర్చున్నాను.

"రెక్క ఇవాళే పూర్తయిందండి మామ్మగారూ, ఎలా ఉందంటారు?" అని రింగు నా చేతికిచ్చింది.

నేను దేన్నయినా ముందు వేలితో చూస్తాను, తరువాతే కంటితో. పిట్ట మెడ దగ్గర వేలు పెట్టి తోక వైపు జరిపితే, జారిపోవలసిన వేలు వరుస వరుసకూ అడ్డం తగిలి ఆగింది.

"ఈ పిట్ట వానకు తడుస్తది బిడ్డా," అన్నాను.

"గుడ్డ మీద పిట్టకి వానెక్కడిదండీ?" అంది కీర్తి.

నేల తుడుస్తున్న నాగమణి నవ్వింది. పరిగి దిక్కు నుంచి వచ్చి మా అపార్టుమెంటులో హౌస్ కీపింగ్ చేస్తుంది, నా నోటికి భయపడని మనిషి. "అవ్వ మాట ఎన్నడు తిన్నగుంటది మేడం? కాళ్లు జర మీదికి పెట్టుకో అవ్వా, తుడుస్తున్న."

కాళ్లు మీదికి పెట్టుకున్నాను. ఆ మాట నాది కాదు, మా నాయనమ్మది. అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలంటే మా ఊరి గురించి చెప్పాలి.

మా ఊరు నార్సింగి. ఇప్పుడు ఆ పేరు చెబితే రింగురోడ్డు దిగే చోటు అంటారు. నా చిన్నప్పుడు అది గుట్టల నడుమ ఒదిగిన పల్లె. బండ మీద బండ, దాని మీద ఇంకో బండ, పిల్లలు కచ్చకాయలు పేర్చి ఆట మధ్యలో లేచిపోయినట్టు ఉండేవి. ఆ బండల సందుల్లో సీతాఫలం చెట్లు, రేగు పొదలు, వాటి కింద ఎండాకులు, ఎండాకుల్లో ఉడుము నడిస్తే వచ్చే చప్పుడు, పొద్దెక్కకముందే ఒకదాన్నొకటి పిలుచుకునే కౌజుపిట్టలు, మనిషి అలికిడికి చెవులు నిక్కించి క్షణం ఆగి మాయమయ్యే కుందేళ్లు. ఎండాకాలంలో బండ మీద కాలు పెడితే అట్లపెంకు, తొలి వాన పడ్డప్పుడు అదే బండ నుంచి కొత్త కుండ వాసన. వానలు వెనకబట్టి చలి ఇంకా రాని ఆ నడిమి దినాల్లో గుట్ట గుట్టంతా తంగేడు పూసి, ఎవరో పసుపు దంచి ఆరబోసినట్టు కనిపించేది. నేను ఈ జీవాలను ఏ పుస్తకంలోనూ చూడలేదు. మా ఇంట్లో పుస్తకమే లేదు.

మాది గూన పెంకుల ఇల్లు. ఏటా వానలు పడకముందే పాత గూనలన్నీ దించి, పగిలినవి ఏరి పారేసి, కొత్తవి కలిపి మళ్లీ కప్పేవాళ్లు. నాయన పైన వాసాల మీద కూర్చునేవాడు, అమ్మ నిచ్చెన మీద నిలబడేది, నాయనమ్మ కింద గూనల కుప్ప దగ్గర పీట వేసుకునేది. ఒక్కో గూనను ఎడమచేత పట్టుకుని కుడిచేతి వేలితో కొట్టి, ఆ మోతను బట్టి "ఇది మంచిది, ఇది లోపల పగిలింది" అని చెప్పి అందించేది. కంటికి కనపడని పగులు ఆమె చెవికి దొరికేది. ఇంటి కప్పు మంచిచెడ్డ ఆమె చేతిలో ఉండేది కాబట్టి ఇంట్లో ఆమె మాటకు బరువు ఉండేది.

నాకు తొమ్మిదో ఏడు నడుస్తున్నప్పుడు ఆమె కండ్లలో పువ్వు పడి, మెల్లమెల్లగా మొత్తం చీకటైపోయింది. ఆ ఏడు ఇల్లు కప్పేటప్పుడు మా నాయన, మంచికే, "నువ్వు కూసో అవ్వా, ఇగ నీకెందుకు పరేషాన్" అని గూనలు అందించే పని అమ్మకు అప్పజెప్పాడు. మా దిక్కు తల్లిని అవ్వా అనే పిలుస్తారు. చెవి ఉందిగదా, వేలుందిగదా అని ఎవరికీ తోచలేదు. నాయనమ్మ పీట తీసుకుపోయి లోపల పెట్టి, నులక మంచంలో గోడవైపు తిరిగి పడుకుంది. ఆ దినం నుంచి అన్నం పెట్టమని కూడా అడగడం మానేసింది, పెడితే తినేది.

ఇంట్లో ఇంకో మనిషి ఉండేది. మా నాయన చెల్లెలు, నాకు మేనత్త. ఆమెకు ముందు పుట్టిన ఇద్దరు బతకలేదని, ఈమెనన్నా బతకనీ అని పెంటమ్మ అని పేరు పెట్టారు. బతికింది, కాని పెండ్లయిన రెండేండ్లకే పెనిమిటి జ్వరంతో పోయి తిరిగి మా ఇంటికి వచ్చింది. మా ఊరికి వారానికొక తూరి గ్రామసేవిక వచ్చి ఆడవాళ్లకు కుట్టుపని నేర్పేది. నలుగురైదుగురు పోయి విసుగు పుట్టి మానేశారు, అత్త మానలేదు. గ్రామసేవిక దగ్గర ఉన్న చెక్క రింగు ఒక్కటే, దాన్ని ఆమె వెంట తీసుకుపోయేది. అందుకని అత్త చిరిగిన జల్లెడలు రెండు సంపాదించి, జాలీ పీకేసి, పెద్ద జల్లెడ చట్రంలో చిన్న జల్లెడ చట్రం దూర్చి, నడుమ గుడ్డ బిగించింది. ఎంత బిగుతు అంటే వేలితో కొడితే డప్పులా మోగేది.

బొమ్మ గుడ్డ మీదికి ఎక్కించడం ఇంకో పని. కిరాణా పొట్లాల కాగితం విప్పి, చేత్తో సాపు చేసి, బొగ్గుతో బొమ్మ గీసి, ఆ గీత వెంబడి సూదితో దగ్గర దగ్గరగా పొడవాలి. తరువాత కాగితాన్ని గుడ్డ మీద పరిచి, దీపాలకు పోసే గాసునూనెలో నీలిమందు కలిపి, గుడ్డపేలికతో రుద్దితే ఆ బెజ్జాల గుండా చుక్క చుక్కగా బొమ్మ దిగేది. నూనె ఆరిపోయాక చుక్కలు మిగులుతాయి. మా ఇంట్లో కుట్టుపని అంటే నాకు ఇప్పటికీ ఆ గాసునూనె వాసనే. బట్టలకు ఆ వాసన అంటుకుందని అమ్మ అత్తను తిడుతూనే ఉండేది, అత్త నవ్వి ఊరుకునేది.

అత్త కుట్టినవన్నీ మా గుట్ట మీద తిరిగేవే, పూసేవే. దిండు గలీబు మీద కుందేలు, దాని పక్కన గడ్డిపూలు. అద్దం మీది తెర మీద జంట కౌజులు, చుట్టూ తంగేడు. తొండను కూడా కుట్టింది ఒకసారి, దాన్ని చూసి మా అమ్మ మంచి గుడ్డను పాడుచేసినవని వారం దినాలు దెప్పింది. గొలుసు కుట్టు, కాడ కుట్టు, ముడి కుట్టు, అన్నీ ఆమె చేయి చూసే నేర్చుకున్నాను. తరువాత నలభై రెండో ఏట పెన్సిలు పట్టుకున్నప్పుడు నా వేళ్లు దాన్ని సూదిలాగే పట్టుకున్నాయి. ఇప్పటికీ అట్లాగే పట్టుకుంటాను, సరోజ నవ్వినా మార్చుకోను.

ఇక పాలపిట్ట సంగతి. దసరా నాడు పాలపిట్టను చూడాలి, అది మా తెలంగాణోళ్ల పద్ధతి. పొద్దున్నే తానం చేసి, కొత్తవో ఉతికినవో కట్టుకుని, ఊరంతా చేల దిక్కు పోయి దానికోసం వెతికేవాళ్లు. కూర్చున్నప్పుడు అది మట్టి రంగులో ఉంటుంది, తెలియనివాళ్లు చూసి కూడా చూడనట్టే దాటిపోతారు. రెక్క విప్పిందంటే అప్పుడు కనబడుతుంది నీలం, ముదురు నీలం ఒక వార, లేత నీలం ఒక వార. మా నాయనమ్మ ఆ ఊరికి కోడలుగా వచ్చిన ఏటి నుంచి ఒక్క దసరాకు కూడా తప్పలేదట. తప్పకపోవడమే కాదు, అందరికంటే ముందు ఆమె కంటికే పడేది. ఇంకో నియమం కూడా పెట్టుకుంది: పిట్టను చూడనిదే ఆ దినం ముద్ద ముట్టదు. ఆమె ముట్టనిదే ఇంట్లో ఎవరూ ముట్టకూడదు. ప్రతి ఏడూ జామెడు పొద్దెక్కకముందే చూసి వచ్చేది కాబట్టి ఆ నియమం ఎవరికీ భారం కాలేదు.

ఆ ఏడు బతుకమ్మ మొదలైన దినమే, అందరం పూలు ఒలుస్తుండగా, మంచంలో నుంచి ఆమె చాలా రోజులకు నోరు విప్పింది.

"ఈ యేడు నాకు పిట్ట లేదు. ఇగ నన్ను పండుగల లెక్కల్నుంచి తీసెయ్యుండ్రి."

పక్కింటి ఈదయ్య తాత అక్కడే కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. కౌజులను వల వేసి పట్టడంలో ఊళ్లో ఆయనను మించినవాడు లేడు. "ఏం ఫికర్ చెయ్యకు వదినా. నేను ఒక పాలపిట్టను పట్టి, కాళ్లకు దారం కట్టి నీ చేతుల పెడ్త. తడిమి సూసుకో," అన్నాడు.

"కాళ్లు కట్టినంక అది పాలపిట్ట ఎట్లయితది? కోడి అయితది," అంది నాయనమ్మ. "ఎగిరేదాన్ని సూడాలె. పట్టుకొచ్చి పాపం చుట్టకు నా మెడకు."

అత్త గునుగు పూల కొసలు కత్తిరిస్తూ తల ఎత్తలేదు. కాని ఆ మధ్యాహ్నమే పొట్లం కాగితం విప్పి సాపు చేయడం చూశాను.

ఆ తొమ్మిది దినాలూ ఊరంతా పూల పనిలో ఉంది. పొద్దున మేము ఆడపిల్లలం ఒడి కట్టుకుని గుట్ట ఎక్కి తంగేడు, కట్లపూలు, చేల గట్ల మీద గునుగు కోసుకొచ్చేవాళ్లం. గునుగును ఎరుపులో, ఆకుపచ్చలో ముంచి ఆరబెడితే మా వేళ్లు వారం దాకా ఆ రంగుల్లోనే ఉండేవి. తాంబాలంలో గుమ్మడాకు పరిచి వరుస మీద వరుస పేర్చి, సాయంత్రం వాకిట్లో పెట్టి చప్పట్లు కొట్టుకుంటూ తిరిగేవాళ్లం. ఆఖరి దినం సద్దుల బతుకమ్మకు పెరుగు సద్ది, చింతపండు సద్ది, నువ్వుల పొడి కలిపిన సద్ది, రొట్టె ముక్కలు బెల్లంతో నలిపి చేసిన మలీద ముద్దలు. ఆ నడుమ దొరికిన తీరిక అంతా అత్త వడ్ల గుమ్మి వెనక కూర్చుని కుట్టింది. రెక్కలు రెండూ విప్పి ఎగిరే పాలపిట్ట, దాని చుట్టూ తంగేడు పూలు ముడి కుట్టుతో. చూడలేని మనిషి వేలితో చూడాలి కాబట్టి ప్రతి కుట్టూ గట్టిగా, పైకి తేలేటట్టు వేసింది. నీలం దారం గ్రామసేవిక ఇచ్చిన రెండు చుట్టలే ఉన్నాయి, కొలుచుకుని వాడింది.

దసరా పొద్దున తల, మెడ, పొట్ట, తోక, ఎడమ రెక్క అయిపోయాయి. కుడి రెక్క మిగిలింది, మామిడాకులో సగమంత ఉంటుంది. మాంసం కడగడానికి, మసాలా నూరడానికి అమ్మ ఒక్కతికీ చేతులు చాలక అత్తను పిలిచింది. అత్త జల్లెడ చట్రం నా ఒళ్లో పెట్టి, "పక్క రెక్క చూసుకుంట గట్లనే నింపు. మీ నాయినమ్మకు చెప్పకు," అని పోయింది.

నేను పక్క రెక్క చూశాను. రంగులు చూశాను, వరుసలు లెక్కబెట్టాను. అత్త దాన్ని ఎటునుంచి మొదలుపెట్టిందో చూడలేదు. మెడ పక్కన భుజం దగ్గర నుంచి మొదలుపెట్టి, ఒక వరుస నింపి, దాని కొసల మీదికి తరువాతి వరుస ఎక్కించి, అట్లా రెక్క చివరి దాకా దిగాను. కంటికి రెండు రెక్కలూ ఒక్క తీరుగానే ఉన్నాయి. అత్త కూడా కూర కలుపుతూ ఒక చూపు చూసి శెభాష్ అంది.

మధ్యాహ్నం దాటింది. ఊళ్లో అందరి ఇండ్లలో తిని, కల్లు తాగి, కునుకు తీస్తున్నారు. మా ఇంట్లో పొయ్యి మీద మాంసం కూర ఉడికి, దించి, చల్లారి, మళ్లీ ఎక్కించారు. మా నాయన పొద్దున్నుంచి మంచినీళ్ల మీదే ఉన్నాడు. అప్పుడు అత్త జల్లెడ చట్రం తెచ్చి నాయనమ్మ చేతుల్లో పెట్టింది.

"అవ్వా, నీ పిట్ట. దారం దానికి పానం లేదు, పాపం లేదు. ఎగురుతది, సూసుకో."

నాయనమ్మ లేచి కూర్చుంది. చట్రం చుట్టూ ఒకసారి తడిమింది. ముడి కుట్ల దగ్గర ఆగి, "తంగెడి పూలా?" అంది. తరువాత వేలు లోపలికి పోయింది. "ముక్కు." కొంచెం ఆగి, "మెడ మీద గీతలు గూడ పెట్టినవా పెంటీ." ఎడమ రెక్క భుజం నుంచి చివరి దాకా వేలు జారింది. ఆమె మొహం విప్పారడం మేమందరం చూశాం. నాయన అమ్మ వైపు చూసి ఇక పళ్లేలు పెట్టమన్నట్టు తల ఊపాడు.

వేలు కుడి రెక్క మీదికి వచ్చి ఆగిపోయింది. వెనక్కి పోయి మళ్లీ వచ్చింది. మళ్లీ ఆగింది.

"ఈ రెక్క ఎవలు కుట్టిండ్రు?"

"నేనే అవ్వా," అంది అత్త.

"నీ చెయ్యి నాకు తెల్వదా? ఒక్క పిట్టకు రెండు తీర్ల రెక్కలుంటయా?" చట్రం ఒళ్లో పెట్టేసింది. "ఈ పిట్ట వానకు తడుస్తది. తడిసిన పిట్ట ఎగురది. నేను సూడలే."

మా నాయనకు కోపం వచ్చింది. "సూసిననని ఒక్క మాట అనరాదే అవ్వా. పొద్దటి సంది ఇంటిల్లిపాది ఉపాసం. ఒక్క మాట."

"పండుగ పూట అబద్ధమాడి తినాల్నా? మీరు తినుండ్రి, నన్ను లెక్కల్నుంచి తీసెయ్యుమని ఆనాడే చెప్పిన."

మళ్లీ గోడవైపు తిరగబోయింది. ఆ తిరగడం చూసి నాకు భయమేసింది. ఈసారి తిరిగితే మళ్లీ ఇటు తిరగదని చిన్న బుర్రకు కూడా తెలిసింది. గుమ్మి వెనక నుంచి వచ్చి, "రెక్క నేను కుట్టిన నాయినమ్మా," అన్నాను.

"ఇటు రా."

దెబ్బ పడుతుందనుకుని పోయాను. ఆమె నా చేయి పట్టుకుని, గంప కింద పొదుగుతున్న కోడిని తెమ్మంది. అమ్మ తెచ్చింది. దాని వీపు మీద నా అరచేయి పెట్టి తల నుంచి తోకకు నిమిరించింది, మెత్తగా జారింది. తోక నుంచి తలకు నిమిరించింది, ఈకలన్నీ లేచి, కోడి కెక్కుమని నా వేలు పొడిచింది.

"మీ నాయిన ఇల్లు కప్పేటప్పుడు మొదలు గూన ఏడ పెడ్తడు?"

"చూరు కాడ."

"ఎందుకు?"

"పై గూన కింది గూన మీదికి రావాలె. లేకుంటే నీళ్లు లోపటికొస్తయి."

"మరి పిట్టకు చూరేడుంది?"

ఆలోచించాను. "రెక్క కొనకు."

"గాడ మొదలువెట్టు," అంది. అత్త చట్రం తీసుకోబోతే, "నువ్వు కాదు, అదే కుట్టాలె. పొద్దు మునిగేలోపు," అంది. అట్లా పనులు పురమాయించడం ఆమె మానేసి అప్పటికి మూడు నాలుగు నెలలు.

తొందరలో నేను ఇంకో తప్పు చేశాను. కుట్లు ఒక్కొక్కటే విప్పక, బ్లేడు ముక్కతో కోసేశాను. దారం అంతా తునకలై ఒడి నిండా రాలింది. చుట్టల్లో నీలం మూరెడు కూడా మిగల్లేదు. పండుగ నాడు ఏ దుకాణం తెరిచి ఉంటుంది, తెరిచినా ఆ నీలం ఎవరి దగ్గర ఉంటుంది.

అత్త లోపలికి పోయి తన సందుగ తెరిచింది. అడుగు నుంచి ఒక నీలం చీర తీసింది. అత్తగారింట్లో కట్టిన చీర, పెనిమిటి పోయాక మళ్లీ కట్టనిది, మేమెవరం ముట్టనిది. గడపలో కూర్చుని దాని అంచు దగ్గర పంటితో చించి, ఒక్కో పోగు లాగడం మొదలుపెట్టింది.

"వద్దు పెంటమ్మా," అంది అమ్మ.

"పెట్టెల ఉండి ఏం జేస్తది వదినా, పురుగులు తింటయి."

మూడు పోగులు కలిపి పేని, రెండు సూదుల్లో ఎక్కించి, ఒకటి నేను కుడుతుంటే ఇంకొకటి సిద్ధంగా పట్టుకుని నా పక్కనే కూర్చుంది. లేత నీలం అంచులో, ముదురు నీలం ఒంట్లో దొరికాయి. నేను రెక్క కొన నుంచి మొదలుపెట్టాను. ఒక వరుస, దాని మొదలు కప్పుతూ పై వరుస, దాని మొదలు కప్పుతూ ఇంకో వరుస. చెమటకు సూది జారుతుంటే బూడిదలో వేళ్లు అద్దుకున్నాను. బయట ఈదయ్య తాత వాకిట్లో నిలబడి పొద్దు కబురు చెబుతున్నాడు. "ఇంక రెండు నిలువులుంది. సత్తెమ్మా, తాపీగ కుట్టు, నేను పట్టుకుంట సూర్యున్ని." కొంచెం సేపటికి, "నిలువుంది." తరువాత, "బండకు ఆనుతుంది, ఇగ నాతోని కాదు."

ఆఖరి కుట్టు వేసి, ముడి కొరికి, చట్రం తీసుకుపోయి ఆమె చేతిలో పెట్టాను. గుట్ట వెనక పొద్దు సగం దిగి ఉంది, వాకిట్లో ఎర్రటి ఎండ గడప దాకా వచ్చింది. ఆమె తొందరపడలేదు. మళ్లీ ముక్కు నుంచి మొదలుపెట్టింది. మెడ, ఎడమ రెక్క. తరువాత కుడి రెక్క మీద వేలు పెట్టింది. జారింది. చివరి దాకా జారి, అక్కడ ఆగి, వెనక్కి వచ్చి బొటనవేలితో దారాన్ని నలిపి చూసింది.

"ఇది వేరే పోగు."

ఆమె బొటనవేలు ఆ పోగు మీద ఇంకోసారి తిరిగింది.

"నీలం చీరదా పెంటీ?"

"ఊఁ," అంది అత్త.

నాయనమ్మ గాలిలో వెతికి అత్త మణికట్టు పట్టుకుంది. పట్టుకున్న చేయి వదలకుండానే, రెండో చేత్తో చట్రం ఎత్తి కండ్లకు ఆనించుకుంది. 

"సూసిన," అంది. "ఎగిరింది. గుట్ట దిక్కు పోయింది. ఇగ కూర దించుండ్రి, ఏంది గట్ల సూస్తరు నా మొకం."

జమ్మి ఆకు, మేము బంగారం అంటాం దాన్ని, ఆమె చేతిలో పెట్టి అందరం కాళ్లు మొక్కాం. తిన్నాం. ఆ కూర అంత రుచి మళ్లీ ఎన్నడూ చూడలేదని రాస్తే బాగుంటుంది గాని అది అబద్ధం. మూడుసార్లు పొయ్యెక్కి దిగిన కూర, అడుగంటి మాడు వాసన వచ్చింది. అయినా గిన్నె ఊడ్చి తిన్నాం. మరుసటి ఏడు ఇల్లు కప్పేటప్పుడు నాయన తానే పోయి పీట తెచ్చి గూనల కుప్ప దగ్గర వేశాడు. ఆమె వేలితో కొట్టి, విని, అందించింది.

ఆ తరువాత ఇంకో ఐదు దసరాలు బతికింది. ప్రతి దసరాకు అదే చట్రం ఆమె ఒళ్లో పెట్టేవాళ్లం. తడిమి తడిమి దారాలు అరిగిపోయాయి. మొదట చీర పోగుల రెక్క పోయింది, అది పాత దారం కాబట్టి. ఆఖరి ఏడు ఆ చోట సూది బెజ్జాలు తప్ప ఏమీ లేవు. ఆమె వేలు ఆ బెజ్జాల మీద నుంచి పోయి, చివర ఆగి, "సూసిన" అంది. ఆ గుడ్డ ఇప్పుడు ఎక్కడుందని అడిగితే నాకు తెలియదు. ఇల్లు పడగొట్టి మారినప్పుడు పోయింది. పోయినదాని గురించి కథలు అల్లను.

ఆ ఇల్లున్న చోట ఇప్పుడు ఎన్ని అంతస్తులో, మెడ ఎత్తి లెక్కబెడితే మధ్యలో తప్పిపోతాను. గుట్టను పేల్చిన దినాల్లో పేలుడు చప్పుడుకు మా వంటింట్లో గిన్నెలు కదిలేవి. బండలు పోయాయి, బండలతోపాటు సీతాఫలాలు, ఉడుములు, కౌజులు. గూనలు చేసేవాళ్లు లేరు, కప్పేవాళ్లు లేరు, వాటిని మోగించి వినే చెవులు లేవు. తంగేడు పూలు దుకాణంలో కట్టలు కట్టి అమ్ముతున్నారు. పోయిన దసరాకు మా అపార్టుమెంటు గ్రూపులో పాలపిట్ట బొమ్మ వచ్చింది. ఒకరు పంపిందే ఇంకొకరు, అట్లా పొద్దటి నుంచి సాయంత్రం దాకా అదే పిట్ట. మంచి బొమ్మే, రెక్కలు విప్పి ఉంది. నేను అలవాటు కొద్దీ వేలు పెట్టి చూశాను. అద్దం నున్నగా ఉంది, ఎటు నిమిరినా ఒకటే. పైగా నా వేలు తగిలి పిట్ట పక్కకు పోయి ఎవరిదో పుట్టినరోజు కేకు వచ్చింది.

ఇదంతా చెప్పేసరికి గడియారంలో పన్నెండున్నర అయింది. నాగమణి తుడుపు కర్ర గోడకు ఆనించి నేల మీద కూర్చుండిపోయింది. కీర్తి తన పిట్ట మీద మెడ నుంచి తోకకు వేలు జరిపి చూసుకుంది, ఇంకోసారి చూసుకుంది.

"తగుల్తోందండి మామ్మగారూ. వీడియోలో పైనుంచే మొదలెట్టమన్నాడండి."

"వాడు ఇల్లు కప్పినోడు కాదు బిడ్డా."

"అయితే విప్పేస్తానండి."

"విప్పు. బ్లేడు మాత్రం పెట్టకు."

ఆమె సూది మొనతో ఒక్కో కుట్టూ లేపి విప్పసాగింది. ఆ పిట్ట ఏ దేశందో నాకు తెలియదు, అది ఎగిరితే ఎవరికి మంచిదో తెలియదు. అయినా తడవకుండా ఉంటే చాలు. రెక్క సగం విప్పాక కీర్తి తల ఎత్తకుండానే అడిగింది. "ఆ రోజు అక్కడ ఎవరెవరున్నారండీ? పేర్లు చెప్పండి."

ఇన్నేండ్లలో ఆ మాట ఎవరూ అడగలేదు. వాళ్లలో ఎవరి పేరూ వాళ్లు రాసుకోలేదు, వాళ్లకు రాయడం రాదు. నాకు వచ్చు కాబట్టి రాస్తున్నాను. వాకిట్లో సూర్యుణ్ని పట్టుకుంటానన్న ఈదయ్య తాత. అరుగు మీద ఆకలితో కూర్చున్న మా నాయన బాలయ్య. పొయ్యి దగ్గర మా అమ్మ అంతమ్మ. ఆమె కాళ్ల దగ్గర పొదుగు కోడి, దానికి పేరు లేదు. గడపలో, ఒడి నిండా నీలం పోగులతో, మా అత్త పెంటమ్మ. ఆమె పక్కన నేను, సత్తెమ్మను. మంచంలో, అందరికంటే ముందు పిట్టను చూసిన మా నాయనమ్మ, కిష్టమ్మ.